కంటి పరీక్ష గదిలో కొత్తగా చేరబోతున్న బుజ్జికి

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆప్టోమెట్రీ (చూపు కొలిచి అద్దాలు రాసే చదువు) ఇంటర్న్‌షిప్ అయిపోయిందని, చేతిలో రెండు ఆఫర్లున్నాయని మీ అమ్మ చెప్పింది. ఒకటి హైదరాబాద్‌లో కళ్ళజోళ్ళ షోరూమ్, జీతం బాగుంది. ఇంకొకటి మన జిల్లాలోనే కంటి ఆసుపత్రి, జీతం తక్కువ, ఓపీ విపరీతం. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని రాస్తున్నాను. నా ఓటు ఆసుపత్రికే, కనీసం మొదటి రెండేళ్ళు.

షోరూమ్‌లో నువ్వు నంబరు రాసిస్తావు, మనిషి బిల్లు కట్టి వెళ్ళిపోతాడు. అతని చూపు 6/12 దగ్గరే (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేది ఇతను 6 మీటర్ల నుంచే చదవగలడని) ఎందుకు ఆగిపోయిందో నీకు ఎప్పటికీ తెలియదు. ఆసుపత్రిలో అదే మనిషి నీ గదిలోంచి డాక్టరు కన్నును పెద్దదిగా చూసే స్లిట్ ల్యాంప్ దగ్గరికి, అవసరమైతే అక్కణ్ణించి రెటీనా డాక్టరు దగ్గరికి వెళతాడు. సాయంత్రం ఫైలు తిరగేస్తే నువ్వు రాసింది, డాక్టరుగారు చూసింది పక్కపక్కనే ఉంటాయి. అసలు చదువు అక్కడుంది. కాకపోతే ఇంటర్వ్యూలోనే ఒక మాట అడుగు: నేను చేసిన రిఫ్రాక్షన్‌ను, అంటే పవర్ కొలతను, సీనియర్లు ఎవరైనా మళ్ళీ చూస్తారా అని. ఎవరూ చూడరంటే అదీ షోరూమే, బోర్డు మారిందంతే.

చేరగానే నీ మీద పడేది వేగం. బయట బెంచీల నిండా జనం. పవర్‌ను తనే కొలిచే ఏఆర్ మెషిన్ స్లిప్పు చేతికొస్తుంది, ఆ నంబరు అద్దాలనే ట్రయల్ ఫ్రేమ్‌లో (పరీక్ష కోసం అద్దాలు మార్చే జోడులో) పెట్టి "కనిపిస్తోందా?" అని అడిగి పంపేయాలనిపిస్తుంది. పెద్దవాళ్ళ విషయంలో చాలాసార్లు బతికిపోతావు. పిల్లల దగ్గర మాత్రం ఆ స్లిప్పును నమ్మకు. మూడో తరగతి కుర్రాడు గడ్డం మెషిన్ మీద పెట్టి, లోపలి బొమ్మను కళ్ళు బిగబట్టి చూస్తాడు. కన్ను అలా దగ్గరికి ఫోకస్ అయిపోవడంతో స్లిప్పు మీద మైనస్ ఒకటిన్నర (దూరం కనిపించనివాళ్ళ నంబరు) పడుతుంది. బోర్డు మీద అక్షరాలు మసగ్గా ఉన్నాయంటున్నాడని టీచరు కూడా చెప్పి పంపి ఉంటుంది, కాబట్టి కథ సరిగ్గా అతికినట్టే ఉంటుంది. డాక్టరుగారితో చెప్పి ఆ బిగింపును వదిలించే సైక్లోపెంటొలేట్ చుక్కలు వేయించి, మందు పనిచేసేదాకా ఆగి రెటినోస్కోప్ (కంట్లోకి వెలుగు వేసి పవర్ కొలిచే చేతి పరికరం) పట్టుకుని చూడు. వర్కింగ్ డిస్టెన్స్ (మనం కూర్చున్న దూరానికి తగ్గించే పవర్) తీసేశాక కూడా ప్లస్సే మిగిలే పిల్లలు దొరుకుతారు. అలాంటివాడికి మైనస్ అద్దాలు తగిలిస్తే పుస్తకం తెరిచినప్పుడల్లా తలనొప్పే.

రెటినోస్కోపీ ఇంటర్న్‌షిప్‌లో నేర్చేసుకున్నాననుకుంటున్నావేమో, అప్పుడే ఎక్కడ! 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే 1.50, అర మీటరైతే 2.00 తీసెయ్యాలని నీకు తెలుసు. జనం పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే ముందుకు వంగుతాం, తీసేసే లెక్క మాత్రం అదే ఉంటుంది. రెటినోస్కోప్ పిడికి ఆ కొలతలో ఒక దారం కట్టుకో. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఇంకొకటి. ఎండాకాలం వస్తే అలర్జీతో కళ్ళు నులుముకునే పిల్లలు క్యూ కడతారు. వాళ్ళలో ఎవరికైనా వచ్చిన ప్రతిసారీ సిలిండర్ (కార్నియా వంపు తేడాను సరిచేసే పవర్) మారుతోందంటే, రెటినోస్కోప్‌లో వెలుగు కత్తెర రెక్కల్లా విడిపోయి కదులుతోందంటే, అద్దాలు మారుస్తూ కూర్చోకుండా కార్నియా టోపోగ్రఫీ (కంటి ముందు పొర వంపుల పటం) చేయించమని రాయి. ఆ పొర పలచబడి శంకువులా పొడుచుకొచ్చే కెరటోకోనస్‌ను తొలిదశలో పట్టుకుంటే క్రాస్‌లింకింగ్ అనే చికిత్సతో ఆపే వీలుంటుంది. ఆ కత్తెరను మెషిన్ స్లిప్పు నీకు చూపించదు.

చార్టు వెలిగించే ముందు ఏం పని చేస్తారో అడుగు. చత్వారం వచ్చినవాళ్ళకు వయసు చూసి నంబరు రాసేసే అలవాటు మనవాళ్ళలో బాగా ఉంది: 45కి ఒకటిన్నర, 50కి రెండు. ఇంట్లో పేపరు చదివేవాళ్ళకు అది సరిపోవచ్చు. బంగారం పనిచేసే ఆయన నగను 25 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుని చూస్తాడు. 40 సెంటీమీటర్ల దూరానికి కంటికి కావలసింది 2.50 డయాప్టర్లు (పవర్ కొలత), 25కైతే 4.00. నీ నియర్ కార్డు ఆయన బాగానే చదువుతాడు, దుకాణానికి వెళ్ళి కూర్చున్నాక నిన్ను తిట్టుకుంటాడు. నిచ్చెనెక్కి తల పైకెత్తి వైర్లు కలిపే ఎలక్ట్రీషియన్‌కు బైఫోకల్ కింది ముక్క ఏం పనికొస్తుంది? జాకెట్లు కుట్టే ఆవిడను సూదిలో దారం ఎక్కించి చూపించమను. అందుకని టేబుల్ సొరుగులో సూది, దారం, బియ్యం పొట్లం, మాత్రల స్ట్రిప్పు పెట్టుకో.

పాత జోడు ఉంటే ముందు దాన్ని అద్దాల పవర్ చూపే లెన్సోమీటర్ మీద పెట్టు. దానితో హాయిగా ఉన్న మనిషికి కొత్త సిలిండర్ మొత్తం ఒకేసారి రాయకు. ట్రయల్ ఫ్రేమ్ పెట్టి వరండాలో ఒక చుట్టు నడిపించు. నేల పైకి లేచినట్టుందంటే తగ్గించు.

అద్దాలు రాయకూడని మనుషులను గుర్తుపట్టడం మీద నాకు పట్టుదల ఎక్కువ. పిన్‌హోల్ (సన్న రంధ్రం ఉన్న మూత) పెట్టినా చూపు మెరుగుపడలేదంటే కళ్ళజోడుతో తీరే వ్యవహారం కాకపోవచ్చు, డాక్టరుగారి దగ్గరికి పంపాల్సిందే. నెల రోజుల్లో పవర్ బాగా మారిపోయిందంటే షుగరు పరీక్ష చేయించుకున్నారా అని అడుగు. షుగరు పెరిగితే కంట్లోని లెన్సు మారి పవర్ మారుతుంది, మందులు పడగానే మళ్ళీ ఇంకోలా అవుతుంది. ఆ మధ్యలో చేయించిన జోడు దండగ. షుగరు కుదుటపడి కొన్ని వారాలయ్యాక రమ్మను. "అద్దాల్లేకుండానే పేపరు చదివేస్తున్నానమ్మా, చూపు తిరిగొచ్చింది!" అని సంబరపడే తాతగారికి చాలావరకు శుక్లం ముదురుతోందని అర్థం. కంట్లో మెరుపులు, ఉన్నట్టుండి నల్ల చుక్కలు, పక్కనుంచి తెర దిగుతున్నట్టుందంటే రేపు రమ్మనకు, అప్పుడే రెటీనా డాక్టరుకు చూపించు. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (గ్లాకోమా) ఉన్నాయంటే కంటి ప్రెషర్ చూడకుండా వదలకు.

నువ్వు ఎప్పటికైనా షోరూమ్‌కు వెళతావు, అది తప్పేం కాదు, నేనూ చేశాను. అక్కడ టార్గెట్ల టెన్షన్ ఉంటుంది. నీలి వెలుగును అడ్డుకునే బ్లూకట్ అద్దాలతో కంప్యూటర్ ముందు కళ్ళ అలసట తగ్గుతుందని చెప్పి అమ్మమంటారు. 2023లో వచ్చిన కొక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్ష 17 ట్రయల్స్ చూసి, మామూలు అద్దాలతో పోలిస్తే ఆ అలసటలో తేడా ఏమీ ఉండకపోవచ్చని తేల్చింది. కావాలన్నవాళ్ళకు ఇవ్వు, నీ నోటితో మాత్రం మందులా చెప్పకు. గీతలు పడని కోటింగ్, మంచి ఫిట్టింగ్ అమ్ము, నీ టార్గెట్ అక్కడే చాలావరకు తీరుతుంది.

కొత్త జోడుతో తల తిరుగుతోందని తిరిగొచ్చిన మనిషిని చూసి భయపడకు, వెంటనే పవర్ మార్చకు కూడా. జోడును కొలిచి చూడు. పీడీ (రెండు కనుపాపల మధ్య దూరం) కుదిరిందా? యాక్సిస్ (సిలిండర్ కోణం) ఎంతలో పడింది? సిలిండర్ అద్దం 10 డిగ్రీలు పక్కకు తిరిగితే దాని పవర్‌లో మూడో వంతు దాకా కంట్లో మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తిరిగితే సరిచేసింది సున్నా కింద లెక్క. నువ్వు రాసింది ఒప్పే అయి ఉండొచ్చు, అద్దం కోసినవాడు తిప్పి ఉండొచ్చు. ఫిట్టింగ్ కుర్రాడితో స్నేహంగా ఉండు, తిడితే రెండోసారి ఇంకా ఆలస్యం చేస్తాడు.

ఆడపిల్లల తల్లులు "ఇప్పట్నుంచే అద్దాలా, పెళ్ళెలా అవుతుంది?" అంటారు. వాళ్ళ మీద విసుక్కోకు. ఒక కంటికి పవర్ ఎక్కువుండి అద్దాలు పెట్టకపోతే ఆ కన్ను చూడటం నేర్చుకోదని, ఏడెనిమిదేళ్ళు దాటేకొద్దీ దాన్ని దారికి తేవడం కష్టమని చెప్పు. మంచి కన్ను మూసి ఆ పిల్ల చేత చార్టు చదివించు, తల్లి పక్కనే నిలబడి చూడాలి. ఆ తర్వాత ఎవరూ వాదించరు. చార్టు అంటే గుర్తొచ్చింది, బడి క్యాంపుల్లో వరసలో ఉన్న పిల్లలు ముందువాళ్ళు చదివేది విని బట్టీ పట్టేస్తారు. వెనక నుంచి చదివించు.

పై చదువు ఆలోచన మంచిదే. రెండేళ్ళయ్యాక కాంటాక్ట్ లెన్సో, లో విజనో (అద్దాలతోనూ చూపు అందనివాళ్ళకు సాయం), పిల్లల కళ్ళో ఏది నచ్చిందో నీకే తెలుస్తుంది, అప్పుడు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట ఫెలోషిప్‌కు ప్రయత్నించు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో మన వృత్తి కూడా ఉంది. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కుంటూ ఉండు.

మొదటి జీతాల్లోంచి సొంత రెటినోస్కోప్ కొనుక్కో. చీర నాకొద్దు, నా బీరువాలో చోటు లేదు. చేరే ముందు బాండ్ కాగితం ఏదైనా ఇస్తే సంతకం పెట్టకుండా ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకో, వాళ్ళ దగ్గర వదిలిరాకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ