డబుల్ బ్యారెల్ తుపాకీని విప్పి దాచడం ఎలా?

తాతగారి పన్నెండు బోరు (గొట్టం లావును చెప్పే కొలత) లైసెన్సు తుపాకీ మీ పేరు మీదికి వచ్చింది, విప్పి భద్రపరచడం ఎలా అని అడిగారు.

మొదట గొట్టాలను మనుషులు లేని వైపు ఉంచి, పై లీవర్‌ను నెట్టి, గొట్టాలు కిందికి వంగేలా తుపాకీని మడవండి. గొట్టాల వెనక తూటా కూర్చునే రెండు గదుల్లోనూ తూటాలు లేవని కంటితో చూడండి, వేలితోనూ తడమండి. ఖాళీదేనని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా మీరే చూడాలి. దీని దగ్గర మొహమాటం పనికిరాదు.

తర్వాత మూసి, గొట్టాల కింది ముందు చెక్కను గొళ్లెం తీసి ఊడదీయండి. మళ్లీ లీవర్ నెట్టి మడిస్తే గొట్టాలు కొక్కెం నుంచి పైకి లేచి వస్తాయి. రాకపోతే బలవంతం చేయొద్దు. విడిగా ఉండగా ట్రిగ్గర్ నొక్కొద్దు: తూటాను పేల్చే లోపలి సుత్తులు దిగిపోతే చాలా తుపాకుల్లో గొట్టాలు తిరిగి కూర్చోవు. బిగించేటప్పుడు ముందు గొట్టాలు, ఆపైన చెక్క.

దాచేముందు తుడిచి, పలచగా నూనె పూయండి. కోస్తా తేమకు తుప్పు తొందరగా పడుతుంది. తోలు సంచిలో నెలల తరబడి వదలొద్దు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. తుపాకీకి తాళం వేసిన ఇనుప బీరువా, తూటాలకు వేరే చోట వేరే తాళం. తాళంచెవులు మీ దగ్గరే ఉండాలి, పిల్లలకు జాడ కూడా తెలియకూడదు.