మేనకోడలికి ఉత్తరం: చిన్న తుపాకి ఎంపిక గురించి

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు మామయ్య ఆశీర్వచనాలు.

ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమంగా ఉన్నాము. మందుల దుకాణం రాత్రి తొమ్మిదింటికి మూసి వెనుక గుమ్మం నుంచి కారు దాకా ఒంటరిగా నడవవలసి వస్తోందనీ, పోయిన నెలలో ఎవడో రెండు రాత్రులు వరుసగా అక్కడి చీకట్లో నిలబడి ఉన్నాడనీ, గ్రీన్‌కార్డు చేతికి వచ్చింది గనుక పైకి కనబడకుండా రోజూ దగ్గర ఉంచుకోదగిన చిన్న తుపాకి ఒకటి కొనుక్కోవాలనుకుంటున్నాననీ రాశావు. ముందు ఆ వెనుక గుమ్మం మీద మంచి దీపం పెట్టించు, కారు గుమ్మానికి దగ్గరగా ఆపుకో. ఈ రెండూ తుపాకి కొన్న తరువాత కూడా అవసరమే. ఇక తుపాకి సంగతి ముప్పై ఏళ్ళు పెట్రోలు బంకు దుకాణం నడుపుతూ రోజూ ఒకటి ఒంటి మీద పెట్టుకున్న మనిషిగా, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

కొనే ముందు ఇంట్లో ఒక మాట తేల్చుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారు తుపాకి కొనుక్కోవచ్చు, ఉంచుకోవచ్చు. కాని మీ ఇంట్లోనే ఉంటున్న నీ తమ్ముడిది హెచ్-1బి వీసా. ఆ వీసా మీద వచ్చినవారు తుపాకిని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కాల్పుల సాధన చేసే రేంజిలో సరదాకి చేత్తో పట్టుకుని కాల్చడమూ అందులోకే వస్తుంది. వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గాని, అవి అతనికి లేవు. మన కుర్రవాళ్ళు శనివారం రేంజికి వెళ్ళి తుపాకి పట్టుకున్న ఫొటోలు పెట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను, చూసినప్పుడల్లా నాకు గుండె గుబేలుమంటుంది. కాబట్టి నీ తుపాకి పెట్టె తాళం గాని, దాని అంకెలు గాని అతనికి తెలియకూడదు. ఇది అతని మీద నమ్మకం లేక చెబుతున్న మాట కాదు, అతని వీసా పదిలంగా ఉండాలని చెబుతున్నది.

చాలామంది ఎంపికను తూటా సైజుతో మొదలుపెడతారు. నువ్వు నీ చేతితో మొదలుపెట్టు. మీ అత్తయ్యకు మొదటిసారి కొన్నప్పుడు దుకాణంలోని అబ్బాయి "ఆడవారికి ఇదే బాగుంటుంది" అని అరచేతిలో ఇమిడిపోయే పిస్టల్ ఒకటి అంటగట్టాడు. ఇంటికి తెచ్చాక ఆమె దాని స్లైడును, అంటే తూటాను గొట్టంలోకి ఎక్కించడానికి లాగే పై భాగాన్ని, వెనక్కి లాగలేకపోయింది. రెండు వేళ్ళతో పట్టుకుని లాగుతుంటే గాజులు గలగలలాడడమే గాని స్లైడు సగం దాకా వచ్చి జారిపోయేది, బొటనవేలి గోరు చిట్లింది. అది చూశాక నాకు అర్థమైంది, ఆ తుపాకి ఎంత మంచిదైనా ఆమెకు అది ఇనుప ముక్కే. ఆమె వేళ్ళకు అప్పటికే కీళ్ళవాతం ఉంది. నీకు లేదు, కాని నీ చేతులు ఆమె చేతుల కన్నా చిన్నవి.

ఇందులో కొత్తవారికి వింతగా తోచే విషయం ఒకటి ఉంది. తుపాకి ఎంత చిన్నదైతే వాడకం అంత తేలిక అని అందరూ అనుకుంటారు, వాస్తవం దానికి తలకిందులు. బరువు తగ్గేకొద్దీ తన్ను, అంటే పేలినప్పుడు చేతిని వెనక్కి నెట్టే ఊపు, పెరుగుతుంది, పిడి పొట్టిదయ్యేకొద్దీ చిటికెనవేలికి చోటు ఉండదు, గొట్టం పొట్టిదయ్యేకొద్దీ గురిలోని చిన్న పొరపాటు పెద్దదవుతుంది. 2008లో రూగర్ సంస్థ తెచ్చిన ఎల్‌సీపీ అనే .380 సైజు తూటా పిస్టల్ పది ఔన్సులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, జేబులో ఉన్నట్టే తెలియదు, కాని యాభై తూటాలు కాల్చేసరికి బొటనవేలి మూలం కందిపోతుంది. తన్నే తుపాకితో ఎవరూ సాధన చేయరు, సాధన చేయని తుపాకి అవసరానికి అక్కరకు రాదు.

ఇక తూటాల సంగతి. నువ్వు అడిగిన చిన్న సైజులు ప్రధానంగా నాలుగు: .22, .25, .32, .380 (ఈ అంకెలు తూటా వెడల్పును ఇంచుమించుగా అంగుళాల్లో చెబుతాయి). వీటిలో .22కు తన్ను దాదాపు లేదు, ధర తక్కువ, కాబట్టి సాధన పుష్కలంగా చేసుకోవచ్చు. దాని లోపం దాని కట్టుబడిలోనే ఉంది. మిగిలిన మూడింటికీ నిప్పు పుట్టించే మందు తూటా అడుగున నడిమధ్య విడిగా ఒక బిళ్ళలో ఉంటుంది. .22కు ఆ మందు తూటా అడుగు అంచు చుట్టూ లోపలి వైపు పూసి ఉంటుంది, పిన్ను కొట్టిన చోట మందు సరిగా పరుచుకోకపోతే తూటా పేలదు. నేను మొదట్లో ఒక .22 పిస్టల్‌ను తొడుగు లేకుండా ప్యాంటు జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి. ఏడాది తరువాత రేంజికి తీసుకెళ్ళి ట్రిగ్గరు నొక్కితే ‘టిక్కు’మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తూటా బయటికి తీసి చూశాను, అంచు మీద పిన్ను గీసిన చిన్న సొట్ట స్పష్టంగా ఉంది, పిన్ను తగిలే చోట జేబులోని నూలుపోగులు నూనెతో కలిసి జిగటగా పేరుకుని ఉన్నాయి. తప్పు తూటాదా, ఆ మురికిదా అన్నది నేటికీ తేల్చలేను, కాని ఆ ఏడాదంతా నేను రక్షణ ఉందనుకుంటూ తిరిగానే గాని నిజానికి లేదు. అప్పటి నుంచి నెలకొకసారి శుభ్రం చేయకుండా ఏ తుపాకినీ ఒంటి మీద పెట్టుకోలేదు.

.25 గురించి పెద్దగా చెప్పనక్కరలేదు, .22కు మించిన ఫలితం ఇవ్వదు, ధర మాత్రం ఎక్కువ. .32 పేరు నువ్వు మన ఊళ్ళోనూ విని ఉంటావు. 9 మిల్లీమీటర్లు, .38 వంటి సైజులను ఇండియాలో నిషిద్ధ బోరు కింద, అంటే మామూలు లైసెన్సుకు ఇవ్వని సైజుల కింద, పెట్టారు గనుక, లైసెన్సు ఉన్న ఆసాముల దగ్గర కనిపించేది ఎక్కువగా కాన్పూరులో తయారైన .32 రివాల్వరే. అయితే ఆ రివాల్వరు తూటా వేరు, ఇక్కడి చిన్న పిస్టళ్ళలో వాడే .32 ఏసీపీ తూటా వేరు, అంకె ఒకటైనంత మాత్రాన ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. .32 ఏసీపీ తూటాను జాన్ బ్రౌనింగ్ 1899లో, .380ని 1908లో రూపొందించాడు. ఈ రెండింటిలో .32 తన్ను మెత్తన. కాని దాని తూటా అడుగున చిన్న అంచు ఉంటుంది, ముక్కు బోలుగా ఉన్న పొట్టి రకాలు నింపితే మ్యాగజైనులో (పిడిలో అమర్చే తూటాల పెట్టెలో) ఒకదాని అంచు మరొకదాని వెనుక చిక్కుకుని పిస్టల్ బిగుసుకుపోవచ్చు. అందుకని అందులో రాగి తొడుగున్న మామూలు గుండ్రటి ముక్కు తూటాలే వాడడం మంచిది.

తూటా ఎంత లోతు దిగుతుందన్న దానికి ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలత, కండకు బదులుగా పరీక్షలో వాడే జిలాటిన్ దిమ్మలో కనీసం 12 అంగుళాలు, 18కి మించకూడదు. బోలు ముక్కు తూటా లోపలికి దిగి విచ్చుకోవాలంటే వేగం కావాలి, పొట్టి గొట్టంలో ఆ వేగం రాదు. .380లో బోలు ముక్కు తూటాలు విచ్చుకుంటే లోతు తగ్గుతుంది, లోతు దిగితే విచ్చుకోవు, రెండూ కుదిరే రకాలు తక్కువ. .22లో అయితే విచ్చుకోవడం మీద ఆశ పెట్టుకోకుండా 40 గ్రెయిన్ల బరువున్న గట్టి గుండ్రటి తూటానే నమ్ముతాను. ఏ రకమైనా నీ తుపాకిలో వరుసగా రెండు వందలు అడ్డంకి లేకుండా పేలితేనే అది నీ తూటా. డబ్బా మీద రాసినది చూసి తీర్పు చెప్పవద్దు.

రివాల్వరా, పిస్టలా అన్న ప్రశ్నకు నా జవాబు ఆ పేలని తూటా దగ్గరే ఉంది. పిస్టల్‌లో తూటా పేలకపోతే మ్యాగజైను అడుగును అరచేత్తో తట్టి, స్లైడు లాగి, మళ్ళీ గురి చూడాలి, దానికి రెండు చేతులూ నిబ్బరమూ కావాలి. రివాల్వరులో మళ్ళీ ట్రిగ్గరు నొక్కితే గుండ్రటి చక్రంలోని తరువాతి తూటా గది తిరిగి ఎదురుగా వస్తుంది. అందువల్ల .22 కావాలనుకుంటే అది రివాల్వరుగా ఉండడం మేలని నా అభిప్రాయం. రూగర్ వారి ఎల్‌సీఆర్ .22లో ఎనిమిది తూటాలు పడతాయి, బరువు 15 ఔన్సుల లోపు. కాని అంచు మందు తూటాకు పిన్ను గట్టిగా తగలాలి గనుక అటువంటి రివాల్వర్ల ట్రిగ్గరు బరువుగా ఉంటుంది. నీ చూపుడువేలు దానిని తుపాకి కదలకుండా చివరి దాకా లాగగలదా అన్నది నువ్వే చూసుకోవాలి. తుపాకి ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకుని, గొట్టం కొస మీద ఒక పావు డాలరు నాణెం నిలిపి ట్రిగ్గరు నొక్కి చూడు, నాణెం పడకుండా పదిసార్లు నొక్కగలిగితే ఆ ట్రిగ్గరు నీకు సరిపోయినట్టే. అయితే .22ను ఖాళీగా ఎక్కువసార్లు కొడితే కొన్ని తుపాకులలో పిన్ను చెడుతుంది, గదుల్లో ఉత్తుత్తి తూటాలు వేసుకుని చెయ్యి.

పిస్టళ్ళలో రెండు రకాల కట్టుబడి ఉంది. వాల్థర్ పీపీకే వంటి పాత .380లలో స్లైడును వెనుకకు పోనీయకుండా ఆపేది దాని బరువూ స్ప్రింగు బలమే, అందుకే లాగడం కష్టం. గొట్టమూ స్లైడూ ఒక క్షణం కలిసి కదిలి తరువాత విడిపోయే రకంలో స్ప్రింగు మెత్తగా ఉంటుంది. స్మిత్ అండ్ వెస్సన్ వారి షీల్డ్ ఈజీ .380 ఈ రెండో రకం, 2018లో వచ్చింది, బలం లేని చేతుల కోసమే చేసిన పిస్టల్. మీ అత్తయ్య చివరకు స్థిరపడింది దాని మీదే. అది కాస్త పెద్దది, దాచడం కష్టం, కాని ఆమె స్లైడు లాగితే పూర్తిగా వస్తుంది. బెరెట్టా 21ఏ అనే చిన్న .22లో గొట్టం ముందు వైపుకు పైకి లేస్తుంది, తూటాను చేత్తో పెట్టి మూసేయవచ్చు, స్లైడు లాగనే అక్కరలేదు. ముచ్చటైన ఏర్పాటే గాని, పేలని తూటాను లాగేసే కొక్కెం అందులో లేదు, గొట్టం ఎత్తి గోటితో పీక్కోవాలి. నడిరాత్రి ఆ పని చేసే తీరిక ఉండదు గనుక నేను దానిని నీకు సూచించను.

ఇవన్నీ ఒక ఎత్తు, నీ దుస్తులు ఒక ఎత్తు. దుకాణాల్లో చూపించే తొడుగులన్నీ నడుముకు బెల్టు ఉన్న మగవాళ్ళ కోసం చేసినవి. నువ్వు వారంలో సగం రోజులు పంజాబీ దుస్తులు వేసుకుంటావు, వాటికి బొందే గాని బెల్టు ఉండదు. పొట్ట చుట్టూ బిగించుకునే వెడల్పు పట్టీలు దొరుకుతాయి, వాటిలో ట్రిగ్గరును పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్న రకమే తీసుకో. తుపాకిని తిరిగి తొడుగులో పెట్టేటప్పుడు చున్నీ కొంగు ట్రిగ్గరుకు చుట్టుకుంటే తూటా నీ తొడలోకే పోతుంది. కాబట్టి చున్నీ తీసి పక్కన పెట్టి, కళ్ళతో చూస్తూ, నెమ్మదిగా పెట్టు. తియ్యడంలో తొందర ఉండవచ్చు గాని పెట్టడంలో ఎన్నడూ తొందర ఉండదు. చేతిసంచిలో పెట్టుకుంటానంటావేమో, నాకది ఇష్టం లేదు. దొంగ మొదట లాక్కునేది సంచినే, పైగా నీ చిన్నది చాక్లెట్ కోసం రోజుకు పదిసార్లు అందులో చెయ్యి పెడుతుంది.

ఆ పాప మాట వచ్చింది గనుక ఇదీ విను. పదిహేడేళ్ళ లోపు పిల్లలకు నింపిన తుపాకి అందేలా ఉంచడం టెక్సస్‌లో నేరం. ఇంటికి రాగానే ఒంటి మీద నుంచి తీసినది నేరుగా తాళం పెట్టెలోకే వెళ్ళాలి, బీరువా మీదకో పరుపు కిందకో కాదు. ఈ పెట్టె ఖర్చు తుపాకి ధరలో భాగమనుకో.

2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ 21 ఏళ్ళు నిండి అర్హత ఉన్నవారు లైసెన్సు లేకుండానే పిస్టల్ దగ్గర ఉంచుకోవచ్చు, అయినా నువ్వు లైసెన్సు తీసుకో. బడికి వెయ్యి అడుగుల లోపల తుపాకి ఉండకూడదన్న ఫెడరల్ నిబంధన నుంచి రాష్ట్ర లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, నువ్వేమో రోజూ పాపను దింపడానికి బడికి వెళతావు. కాని బడి భవనంలోకి మాత్రం తీసుకువెళ్ళకూడదు. పోస్టాఫీసులోకీ వద్దు. 30.06 అన్న అంకెతో ఇంగ్లీషులో, స్పానిష్‌లో పెద్ద అక్షరాల బోర్డు ఉన్న చోటికీ, ఎర్రని 51 శాతం గుర్తు ఉన్న బారుకీ లైసెన్సు ఉన్నా తీసుకువెళ్ళకూడదు. గుడి గుమ్మం మీద ఏ బోర్డు ఉందో ప్రతిసారీ చదువు. లైసెన్సు కోసం కాల్చి చూపించే పరీక్షలో 2017 వరకు .32 కన్నా చిన్న సైజును అనుమతించేవారు కాదు, ఇప్పుడు ఆ నియమం లేదు, .22తోనూ పరీక్ష ఇవ్వవచ్చు.

నీకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఇంకొకటి. రేంజికి తీసుకెళ్ళే సంచిని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడవద్దు. సంచి మడతలో ఒక్క .22 తూటా మిగిలిపోయినా విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు, అమ్మను చూడడానికి వెళ్ళినదానివి పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసి వస్తుంది. ఆ సంచికి ఎర్ర రిబ్బను కట్టి గరాజులోనే ఉంచు.

గల్లాపెట్టెలో డబ్బు అడిగినవాడికి డబ్బు ఇచ్చెయ్యి, మాత్రలు అడిగినవాడికి మాత్రలు ఇచ్చెయ్యి. నేను ఈ ఉత్తరం రాస్తున్నది నీ ప్రాణం కోసం, సరుకు కోసం కాదు.

వచ్చే శనివారం రా, ఏదీ కొనకుండా రా. నా దగ్గరున్న .22 రివాల్వరు, .32 పిస్టల్, మీ అత్తయ్య షీల్డ్ మూడూ రేంజికి తెస్తాను. మూడింటితోనూ అయిదు గజాల నుంచి చిన్న పళ్ళెం అంత కాగితం మీద కాల్చి చూద్దాం, యాభై తూటాల తరువాత కూడా ఏ తుపాకి గుళ్ళు ఆ కాగితం దాటిపోకుండా పడతాయో దాని గురించే తరువాత మాట్లాడదాం. గాజులు వేసుకునే రా, రోజూ ఎలా ఉంటావో అలాగే చూడాలి. జాకెట్టు మాత్రం మెడ మూసి ఉన్నది వేసుకో, పిస్టల్ విసిరేసే ఇత్తడి డొప్ప కాలుతూ వచ్చి మెడలో పడుతుంది, అది పడినప్పుడు ఉలిక్కిపడి తుపాకి ఉన్న చెయ్యి తిప్పేవారు ఉంటారు. కాళ్ళకు చెప్పులు కాదు, బూట్లు వేసుకో. చెవులకూ కళ్ళకూ కావలసినవి నా దగ్గర ఉన్నాయి.

ఆశీస్సులతో,
మామయ్య