ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ కేసుల ఎమ్మారై చదివేటప్పుడు

అమ్మాయ్,

ఫైబ్రాయిడ్లకి, అంటే గర్భసంచిలో పెరిగే గడ్డలకి, ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాల కిరణాన్ని బయటినుంచే గడ్డ మీద కేంద్రీకరించి ఆ వేడితో కాల్చడం) చేయించుకునేవాళ్ల ఎమ్మారై స్కాన్లు, ముందువీ తర్వాతవీ, నీ దగ్గరికే వస్తున్నాయన్నావు. టెన్షన్ పడాల్సిన పనేం లేదు గానీ ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. ఈ వైద్యంలో పొట్ట కోయరు, ముక్క ల్యాబుకి వెళ్లదు, లోపల ఏముందో చూసేది నీ కళ్లే. అందుకే వద్దు అనాల్సిన చోట వద్దు అని రాయి. రిఫర్ చేసిన డాక్టర్ గారు ఏమనుకుంటారో అని నీళ్లు నమలకు.

టీ2 సాజిటల్ (నీరు తెల్లగా కనిపించే, పక్కనుంచి చూసినట్టుండే బొమ్మ) తెరవగానే కొలతలకి పరిగెత్తకుండా గడ్డ ఎంత నల్లగా ఉందో చూడు. అదే బొమ్మలో పొట్ట కండరం ఉంటుంది, గర్భసంచి గోడ ఉంటుంది, ఆ రెండింటితో పోల్చు. కండరమంత నల్లగా ఉంటే ఫునాకి వర్గీకరణలో మొదటి రకం, రెండింటికీ మధ్యలో ఉంటే రెండోది, గోడతో సమానంగానో అంతకన్నా తెల్లగానో ఉంటే మూడోది. నల్లటి దాంట్లో నార ఎక్కువ, వేడి నిలుస్తుంది. తెల్లటి దాంట్లో నీరో, కణాలో, రక్తమో ఎక్కువ, పచ్చికట్టె అంటుకోనట్టు ఎంత వేడి పెట్టినా సరిగ్గా కాలదు. మూడో రకమైతే ఫలితం బాగుండే అవకాశం తక్కువని రిపోర్టులో సూటిగా రాయి. కాంట్రాస్ట్ (రక్తం అందే చోటుని వెలిగించే మందు) ఇచ్చినా అసలు వెలగని గడ్డ అయితే అది ఎప్పుడో చచ్చిపోయింది, దాన్ని మళ్లీ కాల్చి సాధించేదేం లేదు. సన్నటి కాడతో బయటికి వేలాడేదైతే దానికి ఈ వైద్యం పనికిరాదు.

ఫైబ్రాయిడ్‌లా కనిపించే క్యాన్సర్ సార్కోమా, దాని సంగతి ఇంకా జాగ్రత్త. అంచులు చెదిరి, లోపల రక్తం చేరి, నీటి కదలికని చూపే జంట బొమ్మల్లో డిఫ్యూజన్‌లో వెలిగి, ఏడీసీలో నల్లబడితే, పైగా నెలసరి ఆగిపోయాక పెరుగుతున్న గడ్డైతే, అనుమానం ఉందన్న మాట రిపోర్టు చివర తేల్చి చెప్పే ఇంప్రెషన్‌లో మొదటి లైన్లోనే ఉండాలి.

తర్వాత కిరణం గడ్డదాకా వెళ్లే దారి చూడు. ఎమ్మారైలోనే చేసే పద్ధతిలో మనిషిని బోర్లా పడుకోబెడతారు, కిరణం కింద బల్లలోంచి పొట్ట మీదుగా వస్తుంది. అందుకే వీలైతే ముందు స్కాన్ కూడా బోర్లా పడుకోబెట్టే తీయించు, వెల్లకిలా ఉన్నప్పుడు పక్కన కనిపించిన పేగు బోర్లా తిరిగేసరికి గడ్డకి అడ్డం వచ్చేస్తుంది. పేగుకి వేడి తగిలితే ఆట కాదు. మచ్చలు కూడా చూడు. తెలంగాణలో కాన్పుల్లో సిజేరియన్లు 60 శాతం పైనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెప్పింది, అంటే నీ దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి పొట్ట మీద కోత ఉంటుందనుకో. ఆ మచ్చ కిరణాన్ని పీల్చుకుంటుంది, చర్మం కాలుతుంది. కొవ్వు పొరలో నల్లటి గీతలా కనిపిస్తుంది, అది ఎక్కడిదాకా పోయిందో రాయి. వెనకవైపు త్రికాస్థికి (నడుము కింది ఎముక) గడ్డ ఎంత దూరమో మిల్లీమీటర్లలో ఇవ్వు. ఎముక వేడెక్కితే పక్కన నరం, ఆవిడకి కాలు జిల్లుమంటుంది.

ఎడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర గోడ కండరంలోకి చొచ్చుకుపోయే జబ్బు) అయితే జంక్షనల్ జోన్, అంటే గోడ కండరంలో లోపలి వైపు పొర, 12 మిల్లీమీటర్లు దాటిందా, లోపల తెల్లటి చుక్కలున్నాయా చూడు. నెలసరి రోజుల్లో ఆ పొర మామూలుగానే మందంగా కనిపిస్తుంది, ఆ వారం అపాయింట్‌మెంట్ ఇవ్వకపోవడం మంచిది. గర్భసంచి ఒక్కోసారి ముడుచుకుని గడ్డలా కనిపిస్తుంది, కాసేపాగి ఇంకో సీక్వెన్స్ తీస్తే మాయమవుతుంది. మామూలు అల్ట్రాసౌండ్ స్కాన్ కాగితం మీద ‘బల్కీ యుటెరస్’ (గర్భసంచి పెద్దగా ఉంది) అన్న రెండు ముక్కలు చూసి గర్భసంచి తీయించేసుకునే ఊళ్లు మనవి. అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకైతే, తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 8 శాతం పైన. నాకు ఈ లెక్క చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది, సరే, అది వేరే గొడవ.

చికిత్స జరుగుతున్నప్పుడు వేడి కొలిచేదీ ఎమ్మారైయే. డిగ్రీ పెరిగితే నీటిలోని హైడ్రోజన్ ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది, కొవ్వులో అలా మారదు, మనిషి కదిలితే లెక్క తప్పుతుంది. అది అక్కడి టీమ్ చూసుకుంటుంది.

నీ అసలు పని తర్వాతి స్కాన్. అందులో సైజు ఒక్కటే రాసి వదిలేయకు. మొదట్లో గడ్డ తగ్గదు, వాపుతో కాస్త పెరిగినా పెరుగుతుంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆవిడ కౌంటర్ దగ్గరే నిలబడి “గడ్డ గట్లనే ఉందంట గదా మేడమ్, పైసలన్నీ పోయినట్టేనా?” అంటుంది. కాంట్రాస్ట్ ఇచ్చాక రక్తం అందని భాగం ఎంతో కొలిచి, గడ్డ మొత్తంలో అది ఎన్నో వంతో రాయి. 80 శాతం, ఆ పైన ఉంటే మంచి ఫలితం, మళ్లీ చికిత్స అవసరం పడేది తక్కువ. మూడు కొలతలు గుణించి 0.52 వేస్తే గడ్డ ఘనపరిమాణం వచ్చేస్తుంది గానీ కాలిన భాగం ఆకారం అడ్డదిడ్డంగా ఉంటుంది, ఓపికగా స్లైస్ స్లైస్‌కీ గీసుకోవాల్సిందే. ఇంకోటి, కాలిన చోట గడ్డకట్టిన రక్తం కాంట్రాస్ట్ లేకుండానే టీ1 అనే రకం బొమ్మలో తెల్లగా మెరుస్తుంది, దాన్ని చూసి ఇంకా బతికే ఉందనుకునే ప్రమాదముంది. అందుకే కాంట్రాస్ట్‌కి ముందు బొమ్మని తర్వాతి దాంట్లోంచి తీసేసి, ఆ సబ్‌ట్రాక్షన్ మీదే కొలువు. కిడ్నీ సరిగ్గా లేనివాళ్లకి గాడోలినియం (ఆ కాంట్రాస్ట్ మందే) ఇచ్చేముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడమని టెక్నీషియన్‌కి చెప్పే ఉంటావు.

మిగిలిన బతికున్న అంచు ఏ పక్కన ఉందో తప్పకుండా రాయి, మళ్లీ పెరిగేది అక్కణ్నుంచే. పొట్ట గోడలో, త్రికాస్థిలో వాపు ఉందేమో, ఎండోమెట్రియంకి (గర్భసంచి లోపలి పొర) రక్తం అందుతోందో లేదో ఒక్కో లైను చాలు.

ఆర్నెల్ల స్కాన్‌కి వచ్చినప్పుడు అవే స్లైసులు, అదే పొజిషన్ ఉంటేనే పోలిక కుదురుతుంది. పాత సీడీ తెచ్చుకోమని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే రిసెప్షన్ వాళ్లతో ఫోన్‌లో చెప్పించు. నల్గొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిన మనిషిని సీడీ కోసం వెనక్కి పంపలేం కదా.