నడుము నొప్పికి నేరుగా ఫిజియోథెరపిస్టును కలవవచ్చా?

ప్రశ్న: నా వయసు 44. బత్తాయి తోటలో పని చేస్తాను. నెల రోజులుగా నడుము నొప్పిగా ఉంది. డాక్టరు చీటీ లేకుండా ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, మునుగోడు, నల్లగొండ జిల్లా

జవాబు: వెళ్లవచ్చు. అనుబంధ ఆరోగ్య వృత్తులపై కేంద్రం 2021లో తెచ్చిన చట్టం ప్రకారం, కనీసం డిగ్రీ ఉన్న ఫిజియోథెరపిస్టు స్వతంత్రంగా కూడా వైద్యం చేయవచ్చు. వంగి పని చేయడం వల్ల, బరువులెత్తడం వల్ల వచ్చే నొప్పిని పరీక్షించి వ్యాయామాలు నేర్పడం వారి పనే. ఏ పరీక్షా చేయకుండా రోజూ కరెంటు పరికరం మాత్రమే పెట్టి పంపుతుంటే మరొకరిని చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

అయితే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లను ఏళ్ల తరబడి తాగినవారికి వెన్ను, కీళ్లు బిగుసుకుపోయే అవకాశం ఉంది కాబట్టి, మెడ, నడుము సరిగా వంగకపోతే ముందుగా ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించుకోండి. జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా డాక్టరునే ముందు కలవాలి. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మలమూత్రాలపై అదుపు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆరోగ్య బీమా ఉంటే, ఫిజియోథెరపీ ఖర్చుకు డాక్టరు చీటీ అడుగుతారేమో ముందే కనుక్కోండి.