రొదలో వినగలిగే టెరాహెర్ట్జ్ పరికరం

ప్రశ్న: మందుల కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. మాత్రను కోయకుండానే దాని మీది పూత మందాన్ని కొలిచే చిన్న టెరాహెర్ట్జ్ పరికరం ఉందనీ, యంత్రాల పక్కన పెట్టినా అది ‘నాయిస్’ను తట్టుకుంటుందనీ ఒక అమ్మకాల ప్రతినిధి వచ్చి చెప్పారు. ఆ తట్టుకోవడం ఎలా సాధ్యం? నమ్మవచ్చునా?
— ఒక పాఠకురాలు, జీడిమెట్ల

జవాబు: నమ్మవచ్చు గాని, ఆయన ఏ నాయిస్ (అసలు సంకేతాన్ని కప్పేసే అనవసరపు రొద) గురించి చెబుతున్నారో ముందు తేల్చుకోవాలి.

సెకనుకు లక్ష కోట్ల సార్లు కంపించే తరంగం పౌనఃపున్యాన్ని 1 టెరాహెర్ట్జ్ అంటారు. గాలిలో దాని తరంగదైర్ఘ్యం 0.3 మిల్లీమీటర్లు. ఈ తరంగాలతో ఉన్న చిక్కల్లా, గది ఉష్ణోగ్రతలో ఉన్న ప్రతి వస్తువూ, గోడైనా బల్లైనా పరికరం ముందు కూర్చున్న మనిషైనా, వీటిని తనంతట తానే వెలువరిస్తూ ఉండడం. 1 టెరాహెర్ట్జ్ ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులైతే, గది వేడిమికి సరితూగే శక్తి 25 దాకా ఉంటుంది. వచ్చిపడే శక్తిని మాత్రమే కొలిచే బోలోమీటరు వంటి సున్నితమైన డిటెక్టర్లను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరచవలసి వచ్చింది ఇందుకే.

మీకు చూపించిన పరికరం బహుశా వేరే దారి పట్టినది. అందులో ఒక లేజరు మెరుపును రెండుగా చీలుస్తారు. ఒక పాయ ఉద్గారిణిని తాకి టెరాహెర్ట్జ్ పల్సును పుట్టిస్తుంది. రెండో పాయ గ్రాహకం మీద, అంటే అర్ధవాహకంపై అచ్చువేసిన చిన్న యాంటెన్నా మీద పడుతుంది. ఆ మెరుపు పడినప్పుడు మాత్రమే, అదీ 1 పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) లోపే, గ్రాహకం విద్యుత్తును ప్రవహించనిస్తుంది. మిగతా సమయమంతా దానికి చెవుడే. లేజరు సెకనుకు 10 కోట్ల సార్లు మెరుస్తుంటే రెండు మెరుపుల మధ్య ఎడం 10 నానోసెకన్లు. అందులో అర పికోసెకను మాత్రమే చెవి తెరుచుకుంటే అది ఇరవై వేలలో ఒక వంతు, రోజు మొత్తానికి నాలుగు సెకన్లకు కాస్త పైన. ఆ కొద్ది వ్యవధిలో కూడా గోడల నుంచి వచ్చే రొద ఒకసారి ధనంగా, ఒకసారి ఋణంగా తోచినట్లు వచ్చి సగటులో చెల్లిపోతుంది. మన పల్సు మాత్రం ప్రతిసారీ ఒకే రూపంతో వచ్చి కూడుతుంది. నూరు కొలతల సగటు తీస్తే రొద పదో వంతుకు దిగుతుంది.

పల్సు పూత పైభాగం నుంచి ఒకసారి, పూతకూ మాత్రకూ మధ్య హద్దు నుంచి మరోసారి తిరిగి వస్తుంది. పూత 80 మైక్రోమీటర్లు, దాని వక్రీభవన గుణకం 1.5 అనుకుంటే ఈ రెండు ప్రతిధ్వనుల మధ్య 0.8 పికోసెకన్ల ఎడం ఉంటుంది. పూత మరీ పలుచనైతే ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీ పూతల మందం ఎంతో ప్రతినిధికి ముందే చెప్పండి.

ఇక ఈ పద్ధతికి లొంగని శత్రువులు రెండు ఉన్నాయి. మొదటిది అదురు. లేజరు రెండో పాయను కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ పల్సును ముక్కముక్కగా కొలవనిచ్చే కదిలే అద్దం ఒకటి పరికరంలో ఉంటుంది. అది అదురుతో 1 మైక్రోమీటరు జరిగితే కాంతి దారి 2 మైక్రోమీటర్లు మారి, కాలంలో సుమారు 6.7 ఫెమ్టోసెకన్ల (పికోసెకనులో వెయ్యో వంతు ఒక ఫెమ్టోసెకను) తప్పు వస్తుంది. ఒక పూర్తి కంపనాన్ని 360 డిగ్రీలనుకుంటే, 1 టెరాహెర్ట్జ్ వద్ద అది 2.4 డిగ్రీల దశాభేదం. రెండు ప్రతిధ్వనులనూ ఒకే స్కానులో పట్టి వాటి మధ్య ఎడాన్ని మాత్రమే లెక్కవేస్తే, రెండింటికీ సమానంగా వచ్చిన తప్పు తీసివేతలో పోతుంది. రెండోది గాలిలోని తేమ. దీన్ని నాయిస్ అనడమే పొరపాటు, 0.557, 0.752 టెరాహెర్ట్జ్ వంటి చోట్ల నీటి ఆవిరి నిజంగానే తరంగాన్ని శోషిస్తుంది కనుక ఎన్ని సగటులు తీసినా ఆ గుంతలు పూడవు. తరంగం నడిచే దారిలో పొడి గాలినో నైట్రోజన్‌నో నింపడమే మార్గం. ఆగస్టులో ఈ తేడా మీకే కనిపిస్తుంది.

కొనే ముందు ఆ పరికరాన్ని మీ షెడ్డులోనే, కంప్రెసర్ నడుస్తుండగా పరీక్షించమని అడగండి. దారికి అడ్డంగా అల్యూమినియం రేకు పెట్టి కొలిస్తే మిగిలేది వట్టి రొద. వర్ణపటంలో సంకేతం ఆ మట్టానికి దిగిపోయిన చోటి నుంచి అవతలి అంకెలకు విలువ లేదు. తర్వాత ఆల్ఫా లాక్టోజ్ మోనోహైడ్రేట్‌ను (మాత్రల్లో కలిపే పాల చక్కెర) బిళ్లగా నొక్కి పెట్టండి. అది మీ కర్మాగారంలో ఎలాగూ ఉంటుంది. 0.53 టెరాహెర్ట్జ్ వద్ద దాని శోషణ శిఖరం స్పష్టంగా నిలవాలి.

ప్రశ్న: ఒకప్పుడు పెద్ద బల్ల నిండా పరిచిన ఈ సరంజామా చిన్న పెట్టెలోకి ఎలా వచ్చింది?
— డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: టెలిఫోన్ పుణ్యమే. మొదట్లో వాడిన టైటానియం-సఫైర్ లేజరు 800 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది. దానికి అద్దాలు, కటకాలు ఒక్కొక్కటీ సరిచూసుకోవలసిన బల్ల కావాలి. 1550 నానోమీటర్ల వద్ద పనిచేసే ఫైబరు లేజర్లకు ఆప్టికల్ ఫైబరు కేబుళ్ల పరిశ్రమ తయారుచేసిన విడిభాగాలు చవకగా దొరికాయి. ఆ తరంగదైర్ఘ్యానికి స్పందించే ఇండియం గాలియం ఆర్సెనైడ్ యాంటెన్నాలు కూడా వచ్చాక కాంతి అంతా తీగలోనే నడుస్తున్నది, కొలిచే తలను చేత్తో తిప్పుకోవచ్చు. కొన్ని పరికరాలలో కదిలే అద్దం కూడా లేదు. కాస్త తేడా గల వేగాలతో మెరిసే రెండు లేజర్లు ఆ ఆలస్యం చేసే పనిని చేస్తాయి. వేరొక దారిలో, టెరాహెర్ట్జ్ తరంగాన్ని నేరుగా పుట్టించే అర్ధవాహక పరికరమైన, 2002లో మొదట వెలిగిన టెరాహెర్ట్జ్ క్వాంటం కాస్కేడ్ లేజరుకు తీవ్రమైన శీతలీకరణ కావలసి ఉండగా, 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ బృందం విద్యుత్తుతోనే చల్లబరిచి 250 కెల్విన్ (సుమారు మైనస్ 23 డిగ్రీలు) వద్ద దాన్ని నడిపించింది.

ప్రశ్న: ఇది ఎక్స్‌రేలాగా హాని చేస్తుందా? స్ట్రిప్పులోని మాత్రను కూడా చూడగలదా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎక్స్‌రే ఫోటాన్ శక్తి వేల ఎలక్ట్రాన్ వోల్టులలో ఉంటుంది, దీనిది అందులో లక్షో వంతు కూడా కాదు కాబట్టి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టలేదు. అయితే లోపలి లేజరు కంటికి కనబడని పరారుణ కాంతి, ఊడిన ఫైబరు కొనలోకి తొంగిచూడకూడదు. అట్టపెట్టె, ప్లాస్టిక్ దాటి చూడగలదు గాని, అల్యూమినియం స్ట్రిప్పు దానికి గోడే.