స్పిరిటు ముట్టకు బిడ్డా

బిడ్డా,

తాత గ్రామఫోన్ రికార్డుల పెట్టెను హైదరాబాద్ తీస్కపోయి కంప్యూటర్లకు ఎక్కిస్తవని మొన్న మీ నాయిన ఫోన్ల చెప్పిండు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలే. సంబరం సగం, బుగులు సగం. ఇన్నేండ్లు అటక మీద పడున్నదాన్ని అడిగింది నువ్వొక్కదానివే.

ప్లేయరు కొనేటప్పుడు 78 స్పీడు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఉన్నదా చూడు, చానా వాటిల 33, 45 మాత్రమే ఉంటయి. 78కి ముల్లు గూడ వేరే, లావుది కావాలె. తర్వాత వచ్చిన ప్లాస్టిక్ ఎల్పీ రికార్డుల సన్న ముల్లు పెడితే గీత అడుగుకు దిగి గరగర ఎక్కువైతది. ప్లేయరుకు, కంప్యూటరుకు నడుమ సప్పుడు పెంచే ఫోనో ప్రీఆంపు పెట్టు. పాట ఎక్కించే సాఫ్ట్‌వేరు ఆడాసిటీల 24 బిట్ల రికార్డు చెయ్యి, సప్పుడు పలిగిపోకుండ, ఎంత గట్టిగొచ్చినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటనియ్యకు. కుదించని వేవ్ ఫైలు దాచిపెట్టు, చిన్నగ చేసిన ఎంపీ3 ఫోన్లకు. ఇవన్నీ నాకంటె నీకే ఎరుక.

నా బుగులంతా స్పిరిటుతోనే.

దేవరకొండల ఉన్నప్పటి ముచ్చట, నాకు పదిహేనేండ్లు. మీ తాతకు ఒక హరికథ రికార్డు పానం. రుక్మిణీ కల్యాణం. ఒక దిక్కు రుక్మిణి చీటీ పంపుడు, రెండో దిక్కు కృష్ణుడు వచ్చుడు. ఆయన ఊరికి పోయిననాడు, మెరిపించి చూపెడదామని, దెబ్బలకు తుడిచే స్పిరిటు గుడ్డకు పోసి మొదటి దిక్కు రుద్దిన. గుడ్డ నల్లగైతుంటే మురికి పోతుందని ఇంకింత రుద్దిన. పాటను తుడుస్తున్ననని నాకేం తెల్సు!

ఆ పాత రికార్డులల్ల లక్క ఉంటది బిడ్డా, నీ లక్క గాజులల్ల ఉండేదే. తలుపుల పాలిషుకు వడ్లాయన లక్కను స్పిరిట్లనే కరిగిస్తడు. ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పిండు, నవ్వుకుంట.

మాపటికి మీ తాత వచ్చి పెట్టిండు. నూనెల ఏదో వేగుతున్నట్టు సప్పుడు, దాని కింద ఎక్కడనో దూరంగ మనిషి గొంతు. కొడ్తడనుకున్న. కొట్టలే. రికార్డు మర్లేసి రెండో దిక్కు పెట్టుకున్నడు. బతికినన్ని రోజులు అట్లనే విన్నడు. మా ఇంట్ల రుక్మిణి చీటీ రాయకముందే కృష్ణుడు వచ్చేటోడు.

రికార్డు క్లీనరని అమ్మే సీసాలల్ల చానా వాటిల ఆల్కహాలు ఉంటది. వినైల్ ఎల్పీకి నడిస్తె నడవనీ, లక్కదానికి చుక్క తాకొద్దు. లక్కది బరువుగ, మందంగ ఉంటది, కింద పడితే పెంకులైతది. పడేసి చూడకు మల్ల! బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, మెత్తటి గుడ్డతోని గీతల వెంబడే గుండ్రంగ తుడువు. నడిమి కాయితం తడవొద్దు. మన బోరునీళ్లు అస్సలొద్దు, ఆరినంక తెల్లగ పేరుకుంటది. ఎండల పెడితే వంకర్లు పోతది.

కంప్యూటర్ల గరగర తీసేది ఉంటదట గదా. అదీ నాకు స్పిరిటు వాసనే కొడ్తది. ఎక్కువ రుద్దితే గజ్జెల సప్పుడు గూడ పోతది. ముట్టని ఫైలు ఒకటి పక్కకు పెట్టినంకనే నీ పనితనం చూపెట్టు.

కోపానికి రాకు తల్లీ. నీ చేతుల మీద నమ్మకం లేక కాదు, నా చేతులు యాదికొచ్చి.

ఆ హరికథ పెట్టె అడుగున, తాత పాత దోతి గుడ్డల చుట్టి ఉన్నది. ముందుగాల రెండో దిక్కు ఎక్కియ్యి. మొదటి దిక్కు గూడ వదలకు, చెవులకు పెట్టుకునేటివి పెట్టి ఆ సప్పుల్ల ఏమన్న మిగిలిందేమో విను. ఉంటే నాకు చెప్పు. లేకుంటే చెప్పకు.

సద్దుల బతుకమ్మకు రెండు రోజులు ముందే రా. పెద్దమ్మ మలీద చేస్తనంటుంది.

మీ పెద్దనాయిన