డాలియా దగ్గర డేరా వేయండి, కెమెరా సంగతి తరువాత

"బెంగళూరు లాల్‌బాగ్‌లో డాలియాలను ఫోనుతో ఎన్నిసార్లు తీసినా ఎర్రని ముద్దల్లాగే వస్తున్నాయి, ఒక మంచి కెమెరా కొనుక్కోమంటారా?" అని మీరు అడిగారు. కొనుక్కోవద్దు. ఈ ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు గాని, సరిగ్గా ఇదే పువ్వు ముందు, ఇదే తోటలో, అద్దెకు తెచ్చిన ఖరీదైన లెన్సుతో ఒక ఆదివారమంతా భంగపడినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మదనపల్లె నుంచి వచ్చి బసవనగుడిలో స్థిరపడి 22 ఏళ్లయింది. లాల్‌బాగ్ పడమటి గేటు మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అయినా డాలియా అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ ఆదివారం కాదు, దాని తరువాతి బుధవారం.

లాల్‌బాగ్‌లో ఏటా రెండు పెద్ద పుష్ప ప్రదర్శనలు జరుగుతాయని మీకు తెలిసే ఉంటుంది. ఒకటి జనవరిలో గణతంత్ర దినోత్సవానికి, మరొకటి ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికి. నేను వెళ్లింది జనవరి ప్రదర్శనకు. కెమెరా మా తమ్ముడిది. చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు మాత్రం ఒక దుకాణంలో ఒక్క రోజుకు అద్దెకు తీసుకున్నాను. తోటలో ప్రదర్శన జరిగే గాజు మందిరం, 1889లో పునాది పడిన ఆ గ్లాస్‌హౌస్‌ను నేను ఏ మామూలు రోజున చూసినా ముచ్చటపడతాను. ఆ రోజు మాత్రం లోపల అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేదు. నేను ఒక పువ్వు ముందు వంగి దృష్టి కుదుర్చుకునే లోపల వెనుక నుంచి పదిమంది నెట్టేవారు, కాపలా మనిషి ఈల వేసి "ముందె హోగి, ముందె హోగి" (ముందుకు వెళ్లండి) అనేవాడు. అంతమందిని కదిలించాల్సిన పని ఆయనది, కాబట్టి ఆయనను తప్పుపట్టను. తప్పుపట్టేది పూలమడిలోకి సగం ఒరిగి, చెట్టు కాడను చేత్తో వంచి, దాన్ని తన చెంపకు ఆనించుకుని సెల్ఫీ తీసుకునే మనుషులను. డాలియా కాడ లోపల బోలుగా ఉంటుంది. వంచితే వంగదు, చిట్లుతుంది. ఒకావిడ అయితే నా కళ్లెదుటే ఒక పువ్వు తుంచి జడలో పెట్టుకున్నారు. పెట్టుకుంటే వాసనైనా ఉండాలి కదా!

లోపల కుదరక బయట, ఆకుపచ్చ నీడవల కింద పేర్చిన కుండీల దగ్గరకు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుతూ మొత్తం 412 ఫొటోలు తీశాను. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద వేసుకుని చూస్తే ఎర్రవన్నీ మీరు చెప్పినట్టే కుంకుమ ముద్దలు. తెల్లవన్నీ నీడవల రంగు పులుముకుని పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి. దానికి తోడు లెన్సు మూత ఎక్కడో పారేసుకున్నాను. దుకాణం వారు న్యాయంగానే నా బయానాలోంచి 500 రూపాయలు పట్టుకున్నారు. మూత తెచ్చి ఇస్తే ఆ డబ్బు తిరిగి ఇస్తామన్నారు.

ఎర్ర ముద్ద ఎందుకు వస్తుందో ముందు చెప్పేస్తాను. మన కెమెరాలూ ఫోన్లూ చాలావరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులను విడివిడిగా కొలిచి, తరువాత కలిపి బొమ్మ కడతాయి. ఎర్ర డాలియా నుంచి ఎరుపు వెల్లువలా వస్తుంది, తక్కిన రెండూ దాదాపు రావు. మొత్తం మీద వెలుతురు తక్కువగా ఉందని కెమెరా పొరపడి మరింత వెలుగు నింపుతుంది. అప్పుడు ఎరుపు గిన్నె నిండి పొర్లిపోతుంది. ఒకసారి పొర్లిన తరువాత లేత ఎరుపుకూ ముదురు ఎరుపుకూ తేడా ఉండదు. లక్ష రూపాయల కెమెరాకూ ఇదే జబ్బు. మందు మీ ఫోనులోనే ఉంది: తెర మీద పువ్వును వేలితో తాకితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగండి. ఫొటో కాస్త చీకటిగా ఉందే అనిపించే వరకు లాగండి, భయపడకండి. ఈ సంగతి నాకు ఆదివారం తెలియదు, తెలిసినా పెద్దగా ప్రయోజనం ఉండేది కాదు, ఎందుకంటే డాలియాలో దేన్ని ఫొటో తీయాలో నాకు తెలియదు.

బుధవారం పొద్దున 7 గంటలకు ఆ మూత కోసమే వెళ్లాను. కెమెరా తీసుకెళ్లలేదు, చేతిలో ఫోను మాత్రమే ఉంది. ప్రదర్శన ముగిసిపోయింది, జనం లేరు, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నేను మడి పక్కన గొంతు కూర్చుని ఆకుల కింద చేతులు పెట్టి వెతుకుతుంటే ఒక తోటమాలి బుట్టా కత్తెరా పట్టుకుని వచ్చారు.

"ఏం పోయిందమ్మా?" అని తెలుగులోనే అడిగారు. కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దున ఉన్న ముళబాగిలు వైపు మనిషి. ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడని ఇల్లు అరుదు. సంగతి చెప్పాను. ఆయన కూడా కాసేపు వెతికి, దొరకక, తన పని మొదలుపెట్టారు. చూస్తే టకటకా మొగ్గలన్నీ కత్తిరించి బుట్టలో వేస్తున్నారు.

నాకు ప్రాణం ఉసూరుమంది. "అన్నా, విచ్చుకోబోయే మొగ్గలను కోసేస్తున్నారేమిటి?" అన్నాను.

"ఇవి మొగ్గలు కాదమ్మా, అయిపోయిన పూలు. గుండ్రంగా, పైన అణిగినట్టు ఉంటే మొగ్గ. ఇట్లా మొన తేలితే అయిపోయినట్టు. పట్టుకుని చూడండి, మొగ్గ గట్టిగా ఉంటుంది, ఇది మెత్తగా తడిసినట్టు ఉంటుంది. వీటిని ఉంచితే చెట్టు బలమంతా విత్తనానికే పోతుంది, కొత్త పూలు రావు."

నా 412 ఫొటోల్లో ముప్ఫై దాకా ఇవే. అందులో ఒకదానికి "విచ్చుకోబోతున్న ఉషస్సు" అని పేరు పెట్టి మా బంధువుల వాట్సాప్ గుంపులో పంపాను కూడా. నలభై మంది చేతులు జోడించారు. అది రాలిపోయే పువ్వని వారికి ఈనాటికీ నేను చెప్పలేదు.

ఆయన డాలియాను కన్నడంలో "డేరె హూవు" అన్నారు. డేరె అంటే కన్నడంలో గుడారం కూడా, మన డేరా లాంటిదే. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉందో లేదో భాషావేత్తలు తేల్చుకోవాలి గాని, నాకు మాత్రం ఆ పొద్దున అది ఆజ్ఞలాగా వినిపించింది. ఆ మడి దగ్గర నిజంగానే డేరా వేసుకుని కూర్చున్నాను. వెళ్లేటప్పుడు ఆయన బుట్టలోంచి వాడిపోవడం ఇప్పుడిప్పుడే మొదలైన ఒక ఎర్రని పువ్వు తీసి నా చేతిలో పెట్టారు.

ఇంటికి వచ్చి పాత దినపత్రిక పరిచి దాన్ని రేకు రేకుగా విప్పాను. 163 రేకులు లెక్కపెట్టాను. పొద్దుతిరుగుడు, బంతి, చేమంతి కుటుంబమే కాబట్టి ఇందులోనూ మనం రేకు అనుకునేది నిజానికి ఒక్కొక్కటీ ఒక చిరుపువ్వు. మనం పువ్వు అనేది ఒక ఊరంత పూల జనాభా. ఇది పుస్తకంలో చదివిన సంగతే. పుస్తకం చెప్పని సంగతి వేళ్లకు తెలిసింది: ప్రతి రేకూ మొదట్లో గొట్టంలాగా చుట్టుకుని ఉంది. బంతిలా గుండ్రంగా ఉండే రకాల్లో ఆ రేకులు పైదాకా శనగల పొట్లంలా లోపలికి మడుచుకుంటాయి. కాక్టస్ రకంలో అంచులు వెనక్కి చుట్టుకుని సూదుల్లా సాగుతాయి. డెకొరేటివ్ అనే రకంలో వెడల్పుగా, చదునుగా పరుచుకుంటాయి. అంటే మీ ముందున్నది రంగు ముద్ద కాదు, 163 చిన్న పొట్లాలు, ఒక్కొక్క పొట్లం అడుగున ఒక చిటికెడు నీడ. ఆ నీడే డాలియా. నీడ పోయిన ఫొటోలో పువ్వు లేదు, రంగు ఒక్కటే ఉంది. మిట్టమధ్యాహ్నం నడినెత్తి ఎండ, ఫ్లాష్, పువ్వుకు ఎదురుగా నిలబడి తీయడం, ఈ మూడూ ఆ నీడను చంపేవే.

అందుకే ఫొటో తీసేవారికి నా మొదటి సలహా ఎప్పుడూ వేళ గురించే. జనవరిలో ఇక్కడ సూర్యోదయం సుమారు 6:45కు. అప్పటి నుంచి గంటన్నర సేపు వెలుగు పక్క నుంచి పడుతుంది, పొట్లాలన్నీ సగం నిండి సగం ఖాళీగా కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మేలు, ఎర్రవాటికి ముఖ్యంగా. రెండవది, పువ్వు మూతికి ఫోను ఆనించకండి. అంత దగ్గరకు వెళ్తే చాలా ఫోన్లు తమంతట తామే వెడల్పు లెన్సుకు మారి ముందున్న రేకులను ఏనుగు చెవుల్లా సాగదీస్తాయి. రెండు అడుగులు వెనక్కి జరిగి, రెండింతల జూమ్ పెట్టుకుని, పక్క నుంచి తీయండి. వెనుక నుంచి కూడా తీయండి. వెనక్కి వాలిన రేకులు, వాటి కింద రెండు వరుసల చిరు పత్రాలు, ఆ బరువును మోసే కాడ వంపు ఎదురు నుంచి ఎన్నడూ కనిపించవు. వెనుకదాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ పద్ధతి మాత్రం వాడవద్దు, కాక్టస్ రకం రేకుల కొనలను అది వెనుకటి మసకలో కలిపేసి క్షవరం చేసినట్టు చూపిస్తుంది. తెల్ల డాలియాను నీడవల కింద తీయనే వద్దు, వల దాటిన చోట మరొకటి వెతుక్కోండి.

ఇక నా పాత గొడవ ఒకటి ఉంది. పోటీలలో నిండు రేకుల డాలియాకు మధ్య కన్ను తెరుచుకుంటే, అంటే నడుమ పసుపుపచ్చని బొడ్డు బయటపడితే, దాన్ని లోపంగా లెక్కిస్తారు. నా దృష్టిలో పువ్వు అసలు జీవితం అక్కడే మొదలవుతుంది. నిండుగా మూసుకుని ఉన్నంత కాలం తేనెటీగకు అందులో దారి దొరకదు. వయసు మీరి మధ్య భాగం విడినప్పుడే పుప్పొడి బయటపడుతుంది, ఈగలు వస్తాయి. ఆ బుధవారం నేను నిలుపుకున్న ఫొటోలు ఏడు, వాటిలో నాలుగు ఇలాంటి వయసు మళ్లిన పూలవే. ప్రదర్శనలో బహుమతి పట్టీ కట్టిన పువ్వును ఎవరైనా తీస్తారు, తీయనివ్వండి.

మరొక గొడవ, శుభోదయం సందేశాలలో తిరిగే నీలి డాలియాలు. తోటల్లో పూసే నీలి డాలియా లేదు. మామూలు మొక్కల్లో చాలావాటికి జన్యువులను మోసే క్రోమోజోముల కట్టలు రెండే ఉంటే దీనికి ఎనిమిది ఉంటాయి, అందుకే తెలుపు నుంచి నలుపనిపించేంత ముదురు ఎరుపు వరకు, బొటనవేలంత పువ్వు నుంచి అన్నం పళ్లెమంత పువ్వు వరకు ఇన్ని రూపాలు వచ్చాయి; అయినా అసలైన నీలం మాత్రం రాలేదు. మెక్సికో కొండల నుంచి వచ్చిన ఈ మొక్కకు 1791లో స్పెయిన్‌లో డాలియా అని పేరు పెట్టిన నాటి నుంచి నేటి దాకా మామూలు సంకరాలతో ఎవరి వల్లా కాని పనిని, ఎవరో కుర్రవాడు ఫోనులో రంగు తిప్పి చేసేస్తే మా మరిది ప్రతి ఆదివారం నాకు పంపుతాడు. ఊదా రంగు డాలియా కొన్ని ఫోన్లలో తనంతట తానే కాస్త నీలంగా పడుతుంది, అది వేరే సంగతి. నీలి డాలియా విత్తనాలంటూ ఎవరైనా అమ్మితే కొనకండి.

కెమెరాకు దాచుకున్న డబ్బు అలాగే ఉంచుకోండి. ఈ జనవరిలో ప్రదర్శన ముగిసిన వారంలో, పొద్దున్నే, పడమటి గేటు నుంచి లోపలికి వెళ్లండి. మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక పాత తువ్వాలు తీసుకెళ్లండి, మడి గట్టు తడిగా ఉంటుంది. ఒక్క పువ్వును ఎంచుకుని, దాని చుట్టూ నీడ ఎలా తిరుగుతుందో అరగంట చూసి, ఆ తరువాత ఫోను బయటకు తీయండి. అక్కడ ఆకుల కింద 58 మిల్లీమీటర్ల నల్లని లెన్సు మూత ఒకటి కనిపిస్తే నాకు కబురు పంపండి, 500 రూపాయలు ఇంకా ఆ దుకాణంలోనే ఉన్నాయి.